ఊరికే కూర్చోడానికో చెరువు

హైదరాబాదులో ఆదివారం ఏ చెరువుకి వెళ్దాం అని నలుగురు మగవాళ్లు అనుకుంటే అది రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఎవరి బండిలో పెట్రోలు ఉందో చూసుకుంటే చాలు. అదే మాట నలుగురు ఆడవాళ్లు అనుకుంటే చిన్న సైజు మీటింగు నడుస్తుంది. అక్కడ బాత్రూమ్ ఉంటుందా? పొద్దుపోయాక లైట్లుంటాయా? తిరుగు బస్సు ఎన్నింటిదాకా? ఫ్యామిలీలు వస్తాయా, లేక గట్టు నిండా సీసాలు పట్టుకున్న గుంపులేనా? ఫోను సిగ్నల్ అందుతుందా? ఇవన్నీ అయ్యాక చివర్లో ఎవరో ఒకరు అడుగుతారు, నీళ్లు బాగుంటాయా అని. వెళ్లేదే నీళ్ల కోసమన్న సంగతి అప్పటికి అందరం మర్చిపోయి ఉంటాం.

ఈ ప్రశ్నల జల్లెడలో నగరం చుట్టూ ఉన్న చెరువుల్ని వేసి ఊపితే మిగిలేవి కొన్నే. హుస్సేన్‌సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు, సంజీవయ్య పార్కు లాంటివి మిగులుతాయి. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు అది. నీళ్ల వాసనకి ముక్కు మూసుకోవాల్సి వచ్చినా లైట్లుంటాయి, జనం ఉంటారు. దుర్గం చెరువు మిగులుతుంది. ఒకప్పుడు గోల్కొండ కోటకి నీళ్లిచ్చిన ఈ చెరువు, 2020 సెప్టెంబరులో కేబుల్ బ్రిడ్జి తెరిచాక సెల్ఫీల చెరువైంది. గండిపేట మిగులుతుంది, పార్కు వైపు మాత్రమే. శామీర్‌పేట చెరువు, మీరాలం చెరువు వెనక గట్టు, వికారాబాద్ దాటాక వచ్చే కోట్‌పల్లి ప్రాజెక్టు లాంటివి 'మగవాళ్లెవరైనా తోడుంటే' అన్న పద్దులోకి పోతాయి. మీరాలం కట్ట ఇరవయ్యొక్క కమానులతో, రెండు వందల ఏళ్లుగా నీటి బరువుని మోస్తూ నిలబడి ఉంది. దాన్ని తీరిగ్గా చూసిన ఆడవాళ్లు నా స్నేహితుల్లో ఇద్దరే ఉన్నారు. ఇద్దరూ చరిత్ర చదివినవాళ్లు, ఇద్దరూ స్టూడెంట్లని వెంటేసుకుని 'ఫీల్డ్ ట్రిప్' పేరుతో వెళ్లినవాళ్లు.

అంటే వాళ్లు కూడా ఊరికే వెళ్లలేదు.

ఈ 'ఊరికే' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది నాకు. చెరువుకీ ఆడవాళ్లకీ మన సంస్కృతిలో ఉన్నంత సంబంధం ఇంకెవరికీ లేదంటారు. నిజమే. కానీ అది ఎలాంటి సంబంధం? నీళ్లు మోయడానికి, బట్టలుతకడానికి, బర్రెల్ని కడగడానికి, గడ్డి కోయడానికి చెరువుకి వెళ్లొచ్చు. బతుకమ్మని వదలడానికి, బోనం ఎత్తడానికి వెళ్లొచ్చు. పనికీ పూజకీ దారి తెరిచే ఉంది. మూడో దారి కూడా ఒకటుంది, దాని గురించి గుసగుసగా చెప్పుకుంటారు. ఒంటరిగా, చేతిలో బిందె గానీ పళ్లెం గానీ లేకుండా ఒక ఆడమనిషి గట్టు మీద కూర్చుంటే చూసినవాళ్లకి వచ్చే మొదటి అనుమానం, ఈమె దూకడానికి వచ్చిందేమోనని. హుస్సేన్‌సాగర్‌కి ప్రత్యేకంగా లేక్ పోలీసులున్నారు. ఎన్నో ప్రాణాలు కాపాడుతున్నారు, ఆ పనికి వాళ్లకి దణ్ణం పెట్టాలి. అయితే సాయంత్రం పూట టాంక్‌బండ్ మీద ఒక్కర్తీ అరగంట కూర్చుని చూడండి. కనీసం ఇద్దరు వచ్చి "ఏమ్మా, ఇంట్లో ఏమైనా గొడవా?" అని అడుగుతారు. మంచి మనసుతోనే అడుగుతారు. ఇంట్లో గొడవ లేకుండా ఒక ఆడది నీళ్ల పక్కన కూర్చుంటుందన్న ఊహ ఆ మంచి మనసులోకి రాదు, అంతే.

సాహిత్యంలో వెతికినా ఇదే. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' పాఠంగా చదువుకున్నవాళ్లకి ఆ కథ గుర్తుండే ఉంటుంది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకి గండి పడితే ఇంటి చిన్నకోడలు తనని తాను బలిచ్చుకుంటుంది, కట్ట నిలుస్తుంది. జానపద గాథల్లో ఇలాంటి కోడళ్లు చాలామందే ఉన్నారు, కన్నడంలోనూ ఉన్నారు. క్లాసులో ఈ కావ్యం చెప్పేటప్పుడు త్యాగం గురించి, కరుణరసం గురించి బోలెడు మాట్లాడతాం. ముసలమ్మ అంతకుముందు ఎప్పుడైనా ఆ కట్ట మీద కూర్చుని సాయంత్రం గాలి పీల్చిందా అని మాత్రం ఎవరూ అడగరు. కట్ట కింద ఆమెకి చోటుంది. కట్ట మీద? 1986లో టాంక్‌బండ్ మీద 33 విగ్రహాలు పెట్టినప్పుడు ఆ కావ్యం రాసిన కట్టమంచి కూడా వాటిలో ఒకరయ్యారు. అక్కడ ఉన్న ఆడవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, రుద్రమ, మొల్ల... మొల్ల రాత్రింబవళ్లు అక్కడే ఉంటుంది. ఆమెని ఇంటికెళ్లమని ఎవరూ అనరు, విగ్రహం కాబట్టి.

2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు ఈ 'ఊరికే' మీద ఎంత కోపం ఉందో బయటపడింది. "పనీ పాటా లేకుండా తిరుగుతున్నారు", "గుడికని, చెరువుకని బస్సులెక్కుతున్నారు" అని జోకులు, వీడియోలు. ఉద్యోగానికీ ఆస్పత్రికీ వెళ్లే ఆడది బస్సెక్కితే సమాజానికి అభ్యంతరం లేదు. ఒక అత్తా ఇద్దరు కోడళ్లూ కలిసి నీళ్లు చూసొద్దామని బస్సెక్కితే మాత్రం ప్రభుత్వ ఖజానా దివాలా తీసినట్టే. మగవాడి తిరుగుడికి కారణం అడిగే అలవాటు మనకి లేదు, అందుకే అది ఎప్పుడూ ఖర్చుగా కనపడదు. నావరకు, ఆ పథకం వల్ల వచ్చిన మంచి ఫలితాల్లో ఈ 'పనిలేని' ప్రయాణాలు కూడా ఒకటి. దీన్ని సంకోచం లేకుండా చెప్పాలి.

ఇంతవరకు అయితే ఈ వ్యాసం సులువే. ఆడవాళ్లకీ విరామం హక్కు, చెరువు గట్టు మా హక్కు అని ముగించేయొచ్చు. ఇబ్బందల్లా ఆ హక్కుని మనకి ఎలా ఇస్తున్నారన్న దగ్గర వస్తుంది. జల్లెడలో మిగిలిన ఆ కొద్ది చెరువుల్ని మళ్లీ చూడండి. అన్నింటికీ కంచె ఉంది, గేటు ఉంది. చాలావాటికి టికెట్టు, యూనిఫారం వేసుకున్న గార్డు. మన భయానికి జవాబుగా నగరం ఇచ్చింది ఇవే. ఇవి మనకి కావాలనిపిస్తాయి కూడా. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత ఏ తల్లికైనా కంచె లేని చెరువు పేరు చెప్పి చూడండి! కాబట్టి కంచె వద్దనడం సుఖంగా బతికేవాళ్ల మాట అని కొట్టిపారేయడం తేలిక. అయితే కంచె వేయకముందు ఆ గట్టు ఖాళీగా లేదు. అక్కడ ఎవరున్నారు, ఇప్పుడు ఎక్కడున్నారు అన్నది అడగకుండా "ఏ చెరువు బాగుంటుంది" అన్న ప్రశ్నకి నిజాయితీగల జవాబు చెప్పలేం.

నగరానికి పడమటి వైపు ఒక చెరువు చుట్టూ కొన్నేళ్ల కింద వాకింగ్ ట్రాక్ వేశారు. అందమైనదే. దాని పక్క బస్తీలో, చాకిరేవు నడిపిన కుటుంబాల్లో ఒక పెద్దావిడతో చాలాసార్లు మాట్లాడాను. ఆవిడ మాటల్లో ఫిర్యాదు కన్నా లెక్క ఎక్కువగా ఉంటుంది. "గేటు ఆరింటికి తెరుస్తరు బిడ్డా. మేము నాలుగ్గొట్టంగ వస్తుంటిమి. ఎండ రాకముందే సగం మూట ఒడిసేది. ఆరింటికి వచ్చి ఏం ఉతకాలె?" రేవు బండలు తీసేసి అక్కడ బెంచీలు వేశారు. ఇప్పుడు ఆవిడ ఇంటి ముందు బోరు నీళ్లతో, ఒక్కతే, లాడ్జీల దుప్పట్లు ఉతుకుతుంది. "సూడనీకి వచ్చెటోళ్లకు టికెట్ పెట్టిన్రు. ఉతకనీకి వచ్చెటోళ్లకు ఏం పెట్టాల్నో ఆళ్లకు తెల్వలే."

నేను భయం గురించి అడిగాను. చీకట్లో నాలుగింటికి వచ్చేవాళ్లు కదా, తాగుబోతులు ఉండేవాళ్లు కాదా అని. "ఎందుకుండరు? ఉంటరు. మేం పదిమందిమి బండల మీద బట్ట కొడుతుంటే ఆడ ఎవడు కూసుంటడు? నీళ్లు చింది మీద పడితే ఆడే లేసి పోతడు."

నేను చదివిన ఏ అర్బన్ ప్లానింగ్ పుస్తకంలోనూ ఇంత సూటిగా లేదు. ఆ గట్టుకి కాపలా ఉండింది. పదిమంది పనిచేసే ఆడవాళ్లే ఆ కాపలా. వాళ్లని తీసేసి, వాళ్ల స్థానంలో ఒక గార్డుని పెట్టి, దాన్ని 'స్త్రీల భద్రత' అన్నారు. మనం సంతోషించి టికెట్ కొనుక్కున్నాం. ఒక స్త్రీల గుంపుకి భద్రత పేరు చెప్పి ఇంకో స్త్రీల గుంపుని బయటికి పంపడం, ఆ రెండు గుంపులూ ఒకదాన్నొకటి చూసుకునే అవకాశం లేకుండా చేయడం... ఇందులో కొత్తేమీ లేదు, పితృస్వామ్యం ఇంట్లో అత్తాకోడళ్ల మధ్య చేసిన పనే ఇది. ఇక్కడ మధ్యలో ఇనుప కంచె ఉంది కాబట్టి కళ్లకి కనపడుతోంది.

ముంబయి గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి రాసి 2011లో అచ్చువేసిన 'వై లాయిటర్?' పుస్తకం ఈ చర్చలో తప్పదు. స్త్రీలకి కావలసింది రక్షణ కాదు, ఊరికే తిరిగే హక్కు, ఆ రిస్కు తీసుకునే హక్కు అంటారు వాళ్లు. 'మంచి' స్త్రీల భద్రత పేరుతో పేదల్ని, ముస్లిం మగవాళ్లని అనుమానించి బయటికి తోసే రాజకీయాన్ని కూడా పట్టుకున్నారు. నేను దాదాపు అన్నింటితో ఏకీభవిస్తాను. అయితే వీధి వేరు, చెరువు వేరు. వీధి ఒకరి జీవనాధారం కావచ్చు, చెరువు మాత్రం మొదటినుంచీ ఎవరో ఒకరి జీవనాధారమే. దాన్ని పొలాల కోసం తవ్వారు, తాగడానికి తవ్వారు. దాని మీద వ్యవసాయదారులకీ, చాకలివాళ్లకీ, చేపలు పట్టే ముదిరాజులకీ గంగపుత్రులకీ హక్కులున్నాయి. మనం ఊరికే కూర్చునే చోటు అంతకుముందే ఒక పనిస్థలం. నా విరామం మరొక స్త్రీ పని మీంచి నడిచి వస్తే దాన్ని హక్కు అనొచ్చా? ఎంత తిప్పి రాసినా ఈ వాక్యం మెత్తబడలేదు నాకు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, పాత చెరువుని బంగారం చేసి చూపించడం. 'ఒకప్పుడు చెరువు అందరిదీ, ఇప్పుడు కార్పొరేట్లది' అన్న పాట మన అభ్యుదయ వ్యాసాల్లో మామూలైపోయింది. చెరువు ఎప్పుడు అందరిదీ అయింది? మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేద్కర్ 1927లో వేలమందితో నడవాల్సి వచ్చింది. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఏం జరిగింది? దళితులు మంచినీళ్లు తెచ్చుకునే చెరువుని పశువుల కడుగునీళ్లతో మురికి చేస్తుంటే ఎదురు చెప్పినందుకు మొదలైంది. నీళ్లకి వచ్చిన మున్నంగి సువార్త తన మీదికి వచ్చినవాళ్లపై బిందె ఎత్తింది. మర్నాడు, జూలై 17న, దళితవాడ మీద దాడి చేసి ఆరుగుర్ని చంపారు. కాబట్టి కంచె లేని చెరువంటే స్వేచ్ఛగల చెరువు అని నేను అనడం లేదు. ఏ రేవు ఎవరిదో ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన రోజుల్లో ఇనుప కంచె అవసరం లేదు, అంతే. టికెట్టు కౌంటరు కులం అడగదు. చాలామంది స్నేహితులు, ముఖ్యంగా దళిత స్నేహితులు, ఈ మాట నాతో గట్టిగానే అన్నారు: "డబ్బులిస్తే లోపలికి రానిస్తారు, నీ పాత గట్టు మీద అదీ లేదు." కాదనలేను. ఇరవై, ముప్పై రూపాయలకి దొరికే ఆ అనామకత్వం కొందరికి ఎంత విలువైనదో, అది పుట్టుకతోనే ఉన్నవాళ్లకి తెలియదు. కానీ అదే కౌంటరు దగ్గర చాకలి మూట లోపలికి పోదు. కులం పేరు అడగకుండానే కులవృత్తిని బయట నిలబెట్టడం ఇప్పటి పద్ధతి.

చెరువుని తవ్వించిన స్త్రీలున్నారు మన నగరంలో. పదిహేడో శతాబ్దంలో, మా సాహెబా అని పిలుచుకున్న హయాత్ బక్షీ బేగం పేరు మీద ఉన్న తలాబే మాసాబ్ టాంక్. ఇవాళ అక్కడ టాంక్ లేదు. బస్‌స్టాపు ఉంది, ఫ్లైఓవర్ ఉంది, చెరువు ఉన్న చోట పిల్లల పార్కు ఉంది. పీహెచ్‌డీ రోజుల్లో దాదాపు రోజూ ఆ స్టాపులో బస్సు మారేదాన్ని, కండక్టర్ నోట ఆమె పేరు రోజూ వినేదాన్ని. గండిపేట సంగతి ఇంకో రకం. 1908 మూసీ వరద తర్వాత కట్టి 1920లో పూర్తి చేసిన ఆ జలాశయాన్నీ, హిమాయత్‌సాగర్‌నీ కాపాడటానికి పది కిలోమీటర్ల దూరం దాకా నిర్మాణాల్ని కట్టడి చేస్తూ 111 జీవో వచ్చింది 1996 మార్చి 8న, మన రోజునే! 2022లో ఆ కట్టడిని సడలిస్తూ ఇంకో జీవో వచ్చింది. 'లేక్ వ్యూ' అన్న ప్రకటనల్లో బాల్కనీలో కాఫీ కప్పుతో నిలబడి నీళ్లు చూసే మనిషి దాదాపు ఎప్పుడూ ఆడమనిషే, గమనించారా? చెరువు పక్కన ఊరికే నిలబడ్డ స్త్రీ బొమ్మ చివరికి దొరికింది, అపార్ట్‌మెంట్ అమ్మడానికి. దానికి ఎవరూ "ఇంట్లో గొడవా?" అని అడగరు.

బతుకమ్మ నాటి చెరువుని తలచుకుంటే వేరే బొమ్మ కనపడుతుంది. సద్దుల రోజు రాత్రి తొమ్మిది, పది దాకా వందలమంది ఆడవాళ్లు తంగేడు, గునుగు పూల పళ్లేలతో గట్టు మీద ఉంటారు. ముసలివాళ్లు, పసిపిల్లలు, కొత్త కోడళ్లు. మగవాళ్లు బండ్ల దగ్గర నిలబడి ఎదురుచూస్తారు. ఆ రాత్రి చెరువుకి భద్రత ఎవరిచ్చారు? సంఖ్య ఇచ్చింది. అంబర్‌పేటలో మట్టి నింపి మాయం చేసిన బతుకమ్మ కుంటని 2025లో తవ్వితే నీళ్లు పైకొచ్చాయని విన్నప్పుడు చాలా సంతోషించాను. పండగ వల్ల వచ్చే ఈ అనుమతి ఏడాదికి తొమ్మిది రోజులదే, అదీ సువాసినుల పండగ. వితంతువుల్ని వెనక్కి నెట్టిన చరిత్ర కూడా దానికి ఉంది. అయినా ఒక సంగతి అది రుజువు చేస్తుంది. గట్టు మీద ఆడవాళ్లు ఎక్కువమంది ఉంటే గేటు పని గట్టే చేస్తుంది.

మరి మేం ఏం చేస్తున్నామంటే, చెరువుని ఎంచుకునే ప్రశ్నల వరస మార్చుకున్నాం. ముందు అడిగేది, అక్కడ ఇంకా పని జరుగుతోందా అని. రేవు నడుస్తోందా, వలలు ఆరేస్తున్నారా, గడ్డికి ఆడవాళ్లు వస్తున్నారా. అలాంటి చోటికి ఆరేడుగురం కలిసి, బస్సులో వెళ్తున్నాం. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ పెద్ద చెరువుకి చలికాలంలో రెండుసార్లు వెళ్లాం, వలస పక్షుల కోసం. మాలో ఒకామె ఈ పద్ధతిని అసలు ఒప్పుకోదు. "వాళ్లు నడుములు విరిగేలా ఉతుకుతుంటే పక్కన కూర్చుని పులిహోర తినడం నాకు సిగ్గుగా ఉంటుంది" అంటుంది. ఆ సిగ్గు న్యాయమైనదే. నేను చెప్పేదల్లా, టికెట్టు పార్కులో ఆ సిగ్గు కలగకపోవడానికి కారణం అక్కడ అన్యాయం లేకపోవడం కాదు, అది గోడ అవతల ఉండటం. అంతకన్నా ఎక్కువ జవాబు నా దగ్గర లేదు. ఆమె వస్తూనే ఉంది, వాదిస్తూనే ఉంది.

ఆ పెద్దావిడని ఒకసారి నేనే అడిగాను, అమ్మా, మీరెప్పుడైనా చెరువు దగ్గర ఊరికే కూర్చున్నారా అని.

"ఊకెనేనా?" అని నవ్వి, కాసేపు ఆలోచించింది. "బట్టలు ఆరేదాక కూసుంటుంటిమి గద. సద్ది తినేది. ఒకరి తల ఒకరు సూసేది. ఎవల మొగడు ఏమన్నడో చెప్పుకునేది. గది ఊకెనేనా, పనా?"

ఆవిడ ప్రశ్నకి సిద్ధాంత భాషలో జవాబుందేమో గానీ నాకు తట్టలేదు. ఉబ్బ దింపి, ఉతికి, ఒడ్డున పరిచాక ఎండ తన పని తాను చేసుకునే ఆ రెండు గంటలు కూలి లెక్కలోకి రావు, విశ్రాంతి లెక్కలోకీ రావు. బోరు దగ్గరికి మారాక ఆవిడ పోగొట్టుకున్నది రేవు ఒక్కటే కాదు, ఆ రెండు గంటలూ, ఆ తొమ్మిదిమందీ. ఇంటి ముందు తీగ మీద బట్టలు ఆరేస్తే లోపలికెళ్లి వంట చేసుకోవడమే, కూర్చునే పనిలేదు. అంటే కంచె ఆవిడ పనితో పాటు ఆవిడ 'ఊరికే'ని కూడా తీసుకుంది. మనకి అమ్ముతున్న సాయంత్రం గంట అందులోంచి కోసినదే అని ఆ రోజు తోచింది. ఆవిడతో నాకున్న తగువు అనుకున్నది నిజానికి తగువే కాదు. ఇద్దరం ఒకే గంట గురించి అడుగుతున్నాం.

ఈ మార్చిలో ఆ చెరువుని చూసే ఆఫీసుకి ఒక కాగితం ఇచ్చాం. మూడే అడిగాం. ఉత్తరం వైపు చిన్న గేటు పొద్దున నాలుగింటికి తెరవాలి. తీసేసిన బండల్లో కనీసం ఆరు తిరిగి వేయాలి. పార్కు లోపలున్న మరుగుదొడ్డికి గట్టు వైపు నుంచి కూడా తలుపు పెట్టాలి, టికెట్టు లేకుండా వాడుకునేలా. రోజంతా నీళ్లలో నిలబడే ఆడవాళ్లకి ఇన్నేళ్లూ మరుగుదొడ్డి లేదని, అది కట్టింది నడవడానికి వచ్చే మాకోసమని ఆఫీసులో వాళ్లకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. సంతకాలు పదకొండు, వేలిముద్రలు ఏడు. బండలు ఎక్కడ పారేశారో తమకి తెలుసని, లారీ ఒక్కటి ఇప్పిస్తే తామే ఎత్తి తెచ్చుకుంటామని ఆ ఏడుగురిలో ఒకామె కాగితం చివర రాయించింది. కాగితం తీసుకున్నట్టు ముద్ర వేసి ఇచ్చారు. మళ్లీ సోమవారం రమ్మన్నారు.